దూరప్రయాణమునకు కెమెరా సామగ్రి

ఈ వేసవి సెలవులలో మేము మారిషస్ ద్వీపమునకు పోవనున్నామను మాట పాఠశాలలో తెలిసినది మొదలు, పలుకరించిన వారందరును "అక్కడనుండి ఏమి తెచ్చెదరు?" అని అడుగుచున్నారే గాని, "ఇక్కడనుండి ఏమి మోసికొనిపోయెదరు?" అని అడిగినవారు అరుదు. తొమ్మిదవ తరగతి బాలుడొకడు మాత్రము, బడి విడిచిన పిమ్మట మెట్లకడ నిలిచి, "మాష్టారూ, ఏ లెన్సు తీసికొని వెళ్తారు?" అనెను. ఆనాడు మాకడ ఉత్తరము లేదు. అది కుదురుటకు ఆరు వారములు పట్టినది. ఛాయాచిత్రకళయందు ఆసక్తిగల విద్యార్థులు మన పాఠశాలలో పలువురు కలరు గనుక, ఆ ఆరు వారముల ఆలోచనను ఇచ్చట వ్రాయుచున్నాము. ప్రయాణమునుగూర్చి తిరిగివచ్చిన పిమ్మట వ్రాయుదుము. ఇది సామానునుగూర్చిన వ్యాసము.

ముందుగా ఏల పోవుచున్నామో చెప్పవలెను. ఏలయనగా ఏ సామాను వలయునో ఆ కారణమునుబట్టియే తేలును. మా అమ్మగారి తాతగారికి ఒక తమ్ముడుండెను. 1890 దాటిన కొలది సంవత్సరములలో, చెరకుతోటల పనికై ఒప్పందము వ్రాసి, మద్రాసు రేవున ఓడయెక్కి మారిషస్ పోయెను. పోయినవాడు తిరిగి రాలేదు. అన్నగారు ఎనుబది యేండ్లు బ్రతికి, మా అమ్మగారు పసిపిల్లగా నున్న దినములలో ఆమెను ఒడిలో కూర్చుండబెట్టుకొని, "వాని ముఖము మరచిపోయితినే; నీ గడ్డము మాత్రము వాని గడ్డమే" అని పలుమారు అనుచుండిరట. మా అమ్మగారికి ఇప్పుడు ఎనుబదిరెండు సంవత్సరములు. గడ్డమును తడవుకొనుచు ఆ మాట ఇప్పటికిని చెప్పుదురు.

నాలుగేండ్ల క్రిందట ఆ తమ్ముని మునిమనుమడొకడు మా ఊరు వెదకికొనుచు వచ్చెను. మారిషస్‌లోని మోకా అను ఊర గల మహాత్మాగాంధీ సంస్థలో వలసదారుల పాత దస్తావేజులు భద్రపరుపబడియున్నవి. వానిలో వచ్చినవాని పేరు, తండ్రి పేరు, స్వగ్రామము, జిల్లా మొదలగునవి వ్రాయబడియుండును. ఆ నకలును చేతబట్టుకొని అతడు వచ్చెను. అతనికి క్రియోల్ భాషయు, ఫ్రెంచియు, ఇంగ్లీషును బాగుగా వచ్చును. తెలుగు అచ్చటి బడిలో నేర్చినది కొంచెము వచ్చును. ఉగాది ఆ దేశములో ప్రభుత్వపు సెలవు దినమని అతడు చెప్పగా మా వీధివారందరు ఆశ్చర్యపడిరి. వారి యింట, గోడను, ఆ పెద్దమనిషి ఫొటో ఒకటి చట్రములో నున్నదనియు అతడే చెప్పెను.

ఆ ద్వీపమున కూలివారికిని ఫొటోకును గల సంబంధము మొదట ప్రీతికరమైనది కాదు. 1867వ సంవత్సరపు శాసనమునుబట్టి, ఒప్పందము ముగిసిన పాత వలసదారులు తమ ఫొటో అంటించిన చీటిని వెంట నుంచుకొని తిరుగవలసినవారైరి. అడిగినప్పుడు చూపలేనివాడు నేరస్థుడు. మా వారి చిత్రము అట్టిది కాదు. 1905 ప్రాంతమున స్వంత సొమ్ముతో తీయించుకొన్నది. తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తు, అయిదున్నర వెడల్పు. తలపాగాతో, కుర్చీ వెనుక చేయి వేసి నిలిచియున్నాడట. "అట" అనుటకు కారణము కలదు. ఆ యింటివారు ముమ్మారు తమ ఫోనుతో దానిని ఫొటో తీసి మాకు పంపిరి. ముమ్మారును ముఖముండవలసిన చోట వారి యింటి కిటికీ కనబడినది. గాజుపై పడిన వెలుగు మరలివచ్చుటచేత అట్లయినది. చట్రము విప్పి తీయుడని వ్రాయుదుమా యనగా, చిత్రపు పైపొర తేమకు గాజునకే అంటుకొని పోయినదట. అట్టిదానిని లాగినచో ముఖము గాజుతో వచ్చును, కాగితము చేతిలో మిగులును. కావున గాజు గాజుగానే యుండవలెను; దాని మీదుగానే నకలు తీయవలెను. మా అమ్మగారు ఆ మూడు చిత్రములను చూచి, "కిటికీ బాగున్నది" అని మాత్రమనిరి.

ఇదియే మా పని. మిగిలినదంతయు విహారము.

అయినను సామాను సర్దుటకు కూర్చున్నప్పుడు పనికంటె విహారమే ముందు కూర్చుండును. మాకు గల వస్తువులన్నియు బల్లపై పరచి, కూరగాయల త్రాసు కాక, ఇంట నున్న చిన్న విద్యుత్ త్రాసుపై ఒక్కొక్కటి తూచితిమి. కెమెరా బ్యాటరీతో కూడ 530 గ్రాములు. దానితో వచ్చిన 18-55 మి.మీ. లెన్సు 215. 50 మి.మీ. లెన్సు 185. దూరపువానిని దగ్గరకు తెచ్చు 70-300 మి.మీ. లెన్సు 745. మా బావమరిది ప్రేమతో ఎరువిచ్చిన ఫ్లాష్ దీపము 400. మా నాన్నగారి ఆగ్ఫా క్లిక్ కెమెరా 300. ముక్కాలి 1,600. చార్జరును విడి బ్యాటరీలును 250. ఇవన్నియు పట్టు సంచి 850. కూడినచో 5 కిలోల 75 గ్రాములు. విమానములో చేతిసంచికి మన దేశమునుండి చవుక టిక్కెట్టుపై పోవువారికి సాధారణముగా 7 కిలోలు అనుమతింతురు. మందులు, కాగితములు, ఒక జత బట్టలు దానిలోనే. అడుగు సామానులో ముక్కాలిని పెట్టుదమన్న, అక్కడి పిల్లలకు మేము కొనిపోవు తెలుగు వాచకములు ఇదివరకే ఆ పెట్టెను నింపినవి. మా ఇంటివారు త్రాసువంక చూచి, "ఏమండీ, మీరు మనుష్యులను చూడ వెళ్తున్నారా, దుకాణము పెట్ట వెళ్తున్నారా?" అనిరి.

దీనికి సమాధానముగా మేము చరిత్రను ఆశ్రయించితిమి. ఉపాధ్యాయులకు అది అలవాటు. శామ్యూల్ బోర్న్ అను ఆంగ్లేయుడు 1863లో సిమ్లానుండి హిమాలయములలోనికి చిత్రములు తీయబోయినప్పుడు ముప్పదిమంది వరకు కూలీలను వెంటబెట్టుకొని పోయెను. ఆ కాలమున గాజు పలకపై రసాయనము పూసి, అది ఆరకమునుపే చిత్రము తీసి, ఆరకమునుపే కడుగవలెను. కావున చీకటి గుడారము, సీసాలు, పలకలు, నీళ్లు అన్నియు కొండపైకి నడువవలసినదే. హైదరాబాదు ఆరవ నిజాము కొలువునందు ప్రఖ్యాతుడైన రాజా దీన్‌దయాళ్ గారును గాజు పలకలతోనే తమ గొప్ప చిత్రములను తీసిరి. వారితో పోల్చినచో మా అయిదు కిలోలు ఒక మూలకు రావని ఇంటివారితో వాదించితిమి. "వారికి కూలీలున్నారు" అని ఒక్క మాటతో ఆ వాదము ముగిసినది.

అయితే మరియొక చరిత్ర కలదు. అది మా పక్షమున కాక ఇంటివారి పక్షమున నిలుచును. షాకిల్టన్ దొరగారి దక్షిణధ్రువ యాత్రలో ఫ్రాంక్ హర్లీ అను ఆస్ట్రేలియా దేశపు ఛాయాచిత్రకారుడుండెను. 1915లో వారి ఓడ ఎండ్యూరెన్స్ మంచుగడ్డల నడుమ నలిగి మునుగుచుండగా, అతడు చొక్కా విప్పి గడ్డకట్టు నీటిలోనికి దిగి, తాను తీసిన గాజు పలకల పెట్టెలను పైకి తెచ్చెను. తెచ్చినను అన్నిటిని పడవలలో మోయుటకు వీలులేదు. అతడును షాకిల్టన్‌గారును మంచుపై కూర్చుండి ఒక్కొక్క పలకను వెలుగునకెత్తి చూచి, 120 పలకలను ఉంచిరి. తక్కిన సుమారు 400 పలకలను హర్లీ అక్కడికక్కడే పగులగొట్టెను. మరల మనస్సు మారి వెనుకకు పోయి ఏరుకొనకుండుటకు. పెద్ద కెమెరాలన్నియు విడిచి, జేబులో పట్టు చిన్న కొడాక్ కెమెరాను, మూడు చుట్టల ఫిలిమును మాత్రము ఉంచుకొనెను. ఆ తరువాత నెలల తరబడి జరిగిన కష్టకాలపు చిత్రములు ఆ చిన్న కెమెరాతో తీసినవే. మునిగిన ఆ ఓడను 2022 మార్చిలో సముద్రపు అడుగున, 3,008 మీటర్ల లోతున, కనుగొనిరి. పగిలిన పలకలను గూర్చి ఎవరును వెదకలేదు. పగులగొట్టుటలోని ఆ బుద్ధిబలము మాకు లేదు గాని, బల్లపైనుండి వస్తువులను ఒక్కొక్కటిగా బీరువాలోనికి మరలించుటకు ధైర్యము వచ్చినది.

మొదట పోయినది ఫ్లాష్ దీపము. గాజు చట్రము మీద ఫ్లాష్ వేసినచో కిటికీకి బదులు మెరుపు కనబడును, అంతే తేడా. బావమరిది నొచ్చుకొనలేదు, ఆయనకును అది బరువే.

70-300 లెన్సును విడుచుట అంత సులభముగా జరుగలేదు. మారిషస్ పక్షుల కథ మన విద్యార్థులకు తెలిసినదే. డోడో పక్షి పదునేడవ శతాబ్దములోనే నశించినది. (డోడో ఫొటో తెమ్మని ఆరవ తరగతి చిన్నది అడిగినది, పోర్ట్ లూయీ నగరపు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో దాని ఎముకలగూడు కలదు, దానిని తీసి తెచ్చెదనని మాట యిచ్చితిమి.) అదే ద్వీపమున చిన్న డేగ జాతి ఒకటి కలదు. 1974లో అడవిలో నాలుగు మాత్రమే మిగిలియున్నవని లెక్కించిరి. గ్రుడ్లను జాగ్రత్తగా సేకరించి, పిల్లలను పెంచి అడవిలో విడిచి, గూళ్లకు పెట్టెలు కట్టి, ఆ జాతిని తిరిగి వందల సంఖ్యకు తెచ్చిరి. నాలుగునుండి వందలైన ఆ పక్షిని ఒక్కమారు కొమ్మమీద చూచి చిత్రము తీయవలెనని మాకు ఎంతయో కోరిక. కాని 745 గ్రాములు. పైగా పక్షిచిత్రములు తీయువారు తెల్లవారకమునుపే అడవిలో కూర్చుండి గంటలు గడపుదురు. బంధువుల యింట అతిథులై యుండి ఆ పని చేయుట మర్యాద కాదు. రెండు మారులు సంచిలో పెట్టి, రెండు మారులు తీసివేసితిమి. డేగను కన్నులతో చూతుము.

ఇక ముక్కాలి. దీనిని గూర్చి పెద్ద చర్చ జరిగినది. ఏలయనగా మా అసలు పనికి నిశ్చలత ముఖ్యము. కొంచెము లెక్క చెప్పెదము. పై తరగతులవారు పెన్సిలు పట్టుకొనవచ్చును. మా కెమెరాలో చిత్రమును గ్రహించు పలక 23.5 మి.మీ. పొడవు, 15.6 మి.మీ. వెడల్పు. పొడవున 6,000 బిందువులు కలవు. అనగా మిల్లీమీటరునకు 255. మా 50 మి.మీ. లెన్సు ఎంత దగ్గరకు పోయినను వస్తువు పరిమాణములో నూటికి 15 పాళ్ల బింబము నిచ్చును. ఆ పాత ఫొటోలో మనిషి నిలువునా ఉన్నాడు గనుక ముఖము సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే యుండును. ఆ సెంటీమీటరు మా పలకపై ఒకటిన్నర మిల్లీమీటరగును. బిందువులు సుమారు 380. గోడకు వ్రేలాడదీయుటకు ఇది చాలవచ్చును గాని, ఒక గడ్డమును మరియొక గడ్డముతో పోల్చి చూచుటకు చాలదు.

దగ్గరి చిత్రములకు ప్రత్యేకముగా లెన్సులు కలవు. వెల ఎక్కువ, బరువును ఎక్కువే. దానికి బదులు లెన్సునకును కెమెరాకును నడుమ తగిలించు బోలుగొట్టము ఒకటి దొరకును. దానిలో అద్దమేమియు నుండదు, ఖాళీ గొట్టము. అది లెన్సును పలకనుండి కొంచెము దూరము జరుపును. అందువలన దగ్గరి వస్తువు స్పష్టపడును. గొట్టపు పొడవును లెన్సు సంఖ్యతో భాగించినచో ఎంత పెద్దదగునో తెలియును. 12 మి.మీ. గొట్టము, 50 మి.మీ. లెన్సు: 0.24. ముందున్న 0.15తో కలిపి సుమారు 0.39. ముఖమునకు ఇప్పుడు దాదాపు 1,000 బిందువులు. గొట్టపు బరువు 70 గ్రాములు. మా సామానులో ఇంత తక్కువ బరువుతో ఇంత పని చేయునది వేరొకటి లేదు. చిత్రము మొత్తమును ఒకమారు, ముఖమును మాత్రము మరియొకమారు తీయవలెనని నిశ్చయించితిమి.

గాజు సంగతి మిగిలినది. దుకాణదారుడు పోలరైజరు అను గాజుబిళ్లను చూపి, ఇది ఉన్నచో ప్రతిబింబములుండవని చెప్పెను. నీటిపైనను గాజుపైనను ఏటవాలుగా పడి మరలిన వెలుగును అది అణచునుగాని, ఎదురుగా నిలిచి సూటిగా చూచునప్పుడు మరలివచ్చు వెలుగును ఏమియు చేయలేదు. నకలు తీయువాడు సూటిగానే నిలువవలెను. లేనిచో చట్రము చతురస్రము పోయి పలకగా వంగును. కావున అచ్చట కావలసినది అద్దము కాదు, నల్లగుడ్డ. గాజు తన యెదుట నున్నదానినే చూపును. యెదుట నల్లగుడ్డ యున్నచో నల్లదనమునే చూపును, అనగా ఏమియు చూపదు. గుడ్డ నడుమ రంధ్రము చేసి, దానిలోనుండి లెన్సును మాత్రము ముందుకు పెట్టవలెను. వెలుగు ప్రక్కనుండి, నలుబదియైదు డిగ్రీల కోణమున పడవలెను. అందుకు వాకిలి ప్రక్క నీడపట్టున వచ్చు పగటివెలుగే మేలు. పోలరైజరును కూడ కొంటిమి. అది 30 గ్రాములే, ఆ ద్వీపము చుట్టు పగడపు గట్టు లోపల నిలిచిన సముద్రజలము తేటగా కనబడుటకు పనికివచ్చును.

ఈ విధానమును ఉపాధ్యాయుల గదిలో వ్రేలాడు పాత తరగతి ఫొటోపై పరీక్షించితిమి. ముందుగా, పిల్లలకు చూపుటకై, గుడ్డ లేకుండ ఒకటి తీసితిమి. దానిలో మూడవ వరుస విద్యార్థుల నడుమ మా చొక్కా గుండీలును, మా వెనుక నిలిచిన బాలుని పండ్లును స్పష్టముగా వచ్చినవి. గుడ్డ అడ్డుపెట్టి తీసినదానిలో వరుస వెనుక గోడ పగుళ్లు సైతము కనబడెను. ఆ చిత్రమును తెరపై పెద్దదిగా చూపుచుండగా, బిడ్డను తీసికొనిపోవ వచ్చిన ఒక తల్లి గుమ్మములోనే నిలిచిపోయి, రెండవ వరుస చివర చెప్పులు లేకుండ నిలిచిన పిల్లవాడు తమ తాతగారని చెప్పెను. ఆ గదిలో ఆ చట్రము ఎన్ని దశాబ్దములనుండి యున్నదో! ఆమెకు ఒక నకలు ముద్రింపించి యిచ్చితిమి. మరి నలుగురు తల్లిదండ్రులు అడిగియున్నారు. సెలవుల పిమ్మట ఇత్తుము.

ఆ పరీక్షలోనే ముక్కాలి అక్కర తీరినది. నీడపట్టున లెన్సు కన్నమును ఎఫ్ 8 వరకు మూసి తీయగా తెర సెకనులో నాలుగవ వంతు తెరచియుండవలసివచ్చెను. చేతితో అంతసేపు కదలకుండ పట్టుట ఎవరి తరము కాదు. అప్పుడు మన బాలురలో ఒకడు భోజనశాలకు పోయి బియ్యపు చిన్న మూట తెచ్చెను. బల్లపై మూట, మూటపై కెమెరా, నొక్కిన రెండు సెకన్లకు తానే తీయు ఏర్పాటు. చిత్రము రాతిలో చెక్కినట్లు వచ్చినది. 1,600 గ్రాముల ముక్కాలి బీరువాలో చేరినది. ఖాళీ గుడ్డసంచి ఒకటి పెట్టుకొంటిమి. బియ్యము ఆ దేశమునను దొరకును.

బ్యాటరీలను గూర్చి రెండు మాటలు. విడి బ్యాటరీలను అడుగు సామానులో పెట్టరాదు. చేతిసంచిలోనే, కొసలు ఒకదానికొకటి తగులకుండ విడివిడిగా ఉంచవలెను. లిథియం బ్యాటరీ నిప్పంటుకొన్నచో మనుష్యులున్న చోట ఆర్పవచ్చును, సామాను గదిలో ఎవరుందురు? ఒక్కొక్కటి 100 వాట్‌గంటలకు లోబడినచో ప్రత్యేకపు అనుమతి అక్కరలేదు. వోల్టులను ఆంపియర్‌గంటలతో గుణించినచో వాట్‌గంటలు వచ్చును: మా కెమెరా బ్యాటరీ 7.2 వోల్టులు, 1.8 ఆంపియర్‌గంటలు, అనగా సుమారు 13. భయము లేదు. మారిషస్ విద్యుత్తు మనదివలెనే 230 వోల్టులు. గోడరంధ్రములు మాత్రము ఇంగ్లండు పద్ధతివి, చదునైన మూడు పుల్లలవి, గనుక ఒక మధ్యబిళ్ల కొంటిమి. విలువగల వస్తువులు కొనిపోవువారు బయలుదేరునప్పుడే సుంకపు అధికారులకు చూపి పత్రము పొందినచో, తిరుగుప్రయాణమున ఇవి విదేశములో కొన్నవా యను ప్రశ్న రాదు. తేమకు లెన్సులలో బూజు పట్టుట మన తీరమున అందరెరిగినదే. సిలికా పొడి పొట్లములు నాలుగు సంచిలో వేసితిమి. ఉప్పుగాలిలో తిరిగివచ్చినప్పుడు మంచినీట తడిపి పిండిన గుడ్డతో కెమెరా పైభాగమును తుడువవలెను.

చివరకు మిగిలినది మా నాన్నగారి ఆగ్ఫా క్లిక్. 120 ఫిలిము చుట్టకు పన్నెండు చదరపు చిత్రములు. మా అమ్మానాన్నల పెండ్లినాటి మరుసటి వారపు చిత్రములు మొదలు మా అక్క బారసాల వరకు మా కుటుంబచరిత్ర అంతయు ఆ పెట్టెలోనుండి వచ్చినదే. దానికి తగు ఫిలిము ఇప్పటికిని దొరకును. మూడు చుట్టలు కొని యుంచితిమి. విమానాశ్రయములలో కొత్తగా వచ్చిన సి.టి. యంత్రములు ఫిలిమును చెరచును గనుక చేతితో చూడుడని వేడుకొనవలెను. వినువారు విందురు, విననివారు వినరు. ఇది యంతయు తెలిసియు ఆ కెమెరాను వదలుటకు మనసొప్పలేదు. ముప్పదియారు చిత్రములు నాన్నగారి పెట్టెతో, వారు చూడని సముద్రము అవతల! ఆయన పోయి పదునొకండు సంవత్సరములైనది. సంచిలో దానికి మూలయందు మెత్తని గుడ్డ పరచి చోటు చేసితిమి.

మా అమ్మగారు గుమ్మములోనుండి అది చూచిరి. మెల్లగా వచ్చి ప్రక్కన కూర్చుండి, కెమెరాను చేతులలోనికి తీసికొని, మూత తెరచి, మూసి, "ఇది దగ్గరి వస్తువును తీయునా నాయనా?" అని అడిగిరి. తీయదని చెప్పితిమి. "గాజు వెనుక ముఖమును?" తీయదంటిమి. "అయితే దీని చోటులో ఇంకొక బ్యాటరీ పెట్టుకోరా. వెళ్లిన పని చెడగొట్టుకొని వస్తే మీ నాన్న సంతోషిస్తారా? ఇది నా దగ్గర ఉంటుంది" అని చెప్పి, దానిని తమ గదికి తీసికొనిపోయిరి. మేము అడ్డుచెప్పలేదు. మూడు ఫిలిము చుట్టలను తొమ్మిదవ తరగతివారికి ఇచ్చితిమి. కెమెరాను సెలవులలో అమ్మగారి యెదుటనే, వారి గదిలోనో వాకిటనో వాడుకొనవచ్చునని ఆమెయే సెలవిచ్చిరి.

ఇప్పుడు బల్లపై మిగిలినవి ఇవి: కెమెరా 530, చిన్న లెన్సు 215, 50 మి.మీ. లెన్సు 185, గొట్టము 70, పోలరైజరు 30, చార్జరు బ్యాటరీలు 250, చిత్రములుంచు కార్డులు, తుడుపుగుడ్డ మొదలగునవి 120, చిన్న సంచి 400, నల్లగుడ్డ 150. మొత్తము 1 కిలో 950 గ్రాములు. అమ్మగారు చెప్పిన మరియొక బ్యాటరీతో రెండు కిలోలు దాటును, దాటనిండు. మార్గమధ్యమున వీధులకు, విందులకు, పిల్లల ఆటలకు మా జేబులోని ఫోనే చాలును. పోర్ట్ లూయీ రేవున ఆప్రవాసీ ఘాట్ అని ఒక చోటు కలదు. 1834 మొదలు దాదాపు అయిదు లక్షలమంది వలసదారులు ఆ దారిని దిగిరి. 2006లో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించిరి. అక్కడి పదునారు రాతిమెట్లను 18-55 లెన్సుతో, ఉదయపు ఏటవాలు ఎండలో తీయవలెనని యున్నది. తిరిగివచ్చిన పిమ్మట పాఠశాల మందిరములో తెరపై చూపుదుము.

ఈ సంచిక మీ చేతులకు అందునాటికి మా ప్రయాణపు దినము సమీపించియుండును. సంచి సిద్ధముగా నున్నది. నల్లగుడ్డను కుట్టినది మా అమ్మగారే. దర్జీకి ఇత్తుమనగా ఒప్పుకొనక, లెన్సును త్రాడుతో కొలిచి, గుడ్డను నాలుగు మడతలు వేసి నడుమ కత్తిరించి, అంచు పోగులు ఊడకుండ చుట్టును గొలుసుకుట్టు కుట్టిరి. కన్ను సరిగా ఆననందున ఆ పనికి మూడు మధ్యాహ్నములు పట్టినది. నిన్న సాయంకాలము దానిని ఇస్త్రీ చేయించి, పొందూరు ఖద్దరు చీరతో పాటు, సంచిలో అన్నిటికంటె పైన పెట్టిరి.